ఏడు తోడేళ్ళూ ఒక సైలెన్సర్ గొట్టమూ

నేను మంచులో చిక్కుకుపోయిన కథ తెలియని తెలుగు ఇల్లు టెక్సస్‌లోని మా కాపెల్ ఊళ్ళో లేదు. ఎవరింట్లో పాట్‌లక్ అని తలా ఓ వంట తెచ్చుకునే విందు జరిగినా, బిర్యానీ ట్రేల మీది ఫాయిల్ తీసేలోగానే పిల్లలు నా చుట్టూ చేరిపోయేవాళ్ళు. "వుల్ఫ్ అంకుల్, వుల్ఫ్ స్టోరీ!" అని చొక్కా పట్టుకు లాగేవాళ్ళు. నాకు వేరే పేరొకటి ఉందని వాళ్ళలో సగం మందికి ఇప్పటికీ తెలియదు.

ఆ కథ ఇది. అమెరికా వచ్చిన కొత్తలో మా కంపెనీ నన్ను మినసోటాలో బాగా పైన, కెనడా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఓ కాగితం మిల్లుకి ప్రాజెక్టు మీద పంపింది. జనవరి నెల. అడవి మధ్యలో అద్దెకారు మంచులో దిగబడిపోయింది. రెండు రాత్రులు, ఒకటిన్నర పగలు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. అప్పుడు వచ్చాయి తోడేళ్ళు. మొదటిసారి చెప్పినప్పుడు ఒక్కటే వచ్చింది, అదీ దూరంగా నిలబడింది పాపం. ఏళ్ళు గడిచేకొద్దీ దానికీ సంసారం పెరిగి ఏడయ్యాయి. వాటిలో పెద్దది బానెట్ మీద ముందుకాళ్ళు పెట్టి, అద్దంలోంచి నా కళ్ళలోకి చూసింది. నేనేం కంగారుపడలేదు. పక్క సీట్లో ఉన్న ఆవకాయ సీసా మూత తీశాను. అద్దాలు బిగించి ఉన్నా సరే, ఆ ఘాటుకి తోడేలు తుమ్మింది. తుమ్మి దిగింది గానీ పోలేదు. ఏడూ కారు చుట్టూ కూర్చుని తెల్లారేదాకా కాపలా కాశాయి.

"చలికి చచ్చిపోలేదా అంకుల్?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"ఎందుకు చస్తాను? ఇంజన్ ఆన్‌లో పెట్టా, హీటర్ ఫుల్లుగా తిప్పా, అద్దాలన్నీ బిగించి హాయిగా పడుకున్నా. తెల్లారి లేచేసరికి చెమట పట్టేసింది."

ఈ ముక్క ఆఖర్న, గులాబ్‌జామ్ కప్పు అందుకుంటూ, ఒక్క ఊపిరిలో అనేసేవాణ్ణి. తోడేళ్ళ మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు కూడా దాని మీద పెట్టలేదు.

జరిగింది వేరు. నా కారు దిగబడింది అడవిలో కాదు, మోటెల్ పార్కింగ్‌లో. నలభై నిమిషాలు. ఓ ముసలావిడ ఒక చేత్తో కాఫీ కప్పు పట్టుకుని, రెండో చేత్తో పార తెచ్చి, చక్రాల దగ్గర మంచు తోడి, వెనకనుంచి భుజంతో ఒక్క తోపు తోసింది. అక్కడున్న ఏకైక జంతువు ఆవిడ బుల్లికుక్క. దానికి ఎర్ర స్వెటర్ తొడిగి ఉంది. నన్ను చూసి అది మొరగను కూడా లేదు.

ఈ నిజం నాతోనే పోయేది. మా అమ్మాయికి ఉద్యోగం రాకపోతే.

మా వాళ్ళ పిల్లలందరూ కంప్యూటర్లు చదువుకుంటే మాది అడవిజంతువులు చదివింది. చదువు కాగానే, ఎక్కడ దొరికిందయ్యా ఉద్యోగం అంటే, నా కథ జరిగినట్టు నేను చెప్పిన చోటే, ఆ మినసోటా అడవుల్లోనే ఓ పరిశోధనా కేంద్రంలో. గుర్రమంత ఎత్తుండే దుప్పులు ఉంటాయక్కడ, మూస్ అంటారు. అవి ఏం తింటున్నాయో, ఎన్ని పిల్లల్ని కంటున్నాయో చూసి రాసుకోవాలి. ఊరినుంచి కేంద్రానికి వెళ్ళే దారిలో చివరి పదకొండు మైళ్ళు మట్టిరోడ్డు. ఒక్క ఇల్లుండదు. ఫోన్ పనిచేయదు. వారానికి రెండుసార్లు ఆ దారిన తను ఒక్కతే కారు నడుపుకుంటూ రావాలి, పోవాలి.

మా పాత ఫోర్ వీల్ డ్రైవ్ కారు తనకిచ్చేద్దాం అనుకున్నాం. ఒకరోజు అన్నం తింటూ అంది. "నాన్నా, కార్ నువ్వే రెడీ చెయ్యాలి. స్టక్ అయితే ఏం చెయ్యాలో నీకే కదా తెలుసు. నాకు తెలిసినవాళ్ళలో అది నిజంగా చేసింది నువ్వొక్కడివే."

నాకు పొలమారింది. మా ఆవిడ నెత్తిమీద తట్టి నీళ్ళిచ్చింది.

"దానికేం తల్లీ, నీ కారుని ఏనుగు తోసినా కదలనట్టు చేస్తా," అన్నాను. కారు కదలాల్సిన అవసరం గురించి మాట్లాడుతున్నామని తర్వాత గుర్తొచ్చింది.

నవంబరులో టెక్సస్ గరాజ్ ఎలా ఉంటుందో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. నేను నిక్కరు వేసుకుని, ఫ్యాన్ పెట్టుకుని, చెమటలు కక్కుతూ మంచుకి ఏర్పాట్లు చేశాను. కేంద్రం వాళ్ళు ముందే జాబితా పంపారు, దాన్ని చూసుకుంటూ నాకు అన్నీ తెలిసినట్టు నడిచాను. మంచుటైర్లు మా ఊళ్ళో ఎవరి దగ్గరా లేవు, తెప్పించాం. అద్దం కడిగే నీళ్ళు మా దగ్గరవి అక్కడ గడ్డకడతాయి, అవి పారబోసి వేరేవి పోశాం. ఇంజన్‌కి రాత్రిపూట గోడ ప్లగ్గులో పెట్టే హీటర్ ఒకటి పెట్టించాం. దాని వైరు కారు ముందు గ్రిల్‌లోంచి బయటికి వేలాడుతుంది. అది బిగించిన మెకానిక్, తన జన్మలో దాన్ని చూడడం అదే మొదటిసారి అని దానితో ఒక ఫొటో దిగాడు.

మా ఆవిడది వరంగల్. వచ్చి ఆ వైరుని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. "కారుకు తోక వెట్టిచ్చినవా ఏంది? అది గూడ ముంగట?"

"రాత్రంతా ఇంజన్‌ని వెచ్చగా ఉంచుతుందే."

"మంచిగనే ఉన్నది. పిల్లకు గూడ ఒకటి వెట్టియ్యి."

తిండి ఏర్పాటు ఆవిడది. కారులో చిక్కుకుంటే రెండు రోజులకి సరిపడా తిండి ఉండాలి, గడ్డకట్టినా తినగలిగేది ఉండాలి అని జాబితాలో ఉంది. ఆవిడ దాన్ని మాటగా తీసుకోలేదు, పరీక్షగా తీసుకుంది. తను చేసిన ప్రతిదీ ఓ పొట్లం కట్టి రెండ్రోజులు డీప్ ఫ్రీజర్లో పెట్టి, తీసి, నా నోట్లో పెట్టేది. పులిహోర ఇటుక అయిపోయింది. పల్లీపాకం దగ్గర నా వెనకపన్ను ఒకటి కదిలింది. సున్నుండని సుత్తితో కొడితే సుత్తి జారి గోడకి సొట్టపడింది, ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, వస్తే చూపిస్తాను. సకినాలు మాత్రం పొయ్యి మీద నుంచి అప్పుడే తీసినట్టు కరకరలాడాయి.

"చూసినవా, మా సకినాలు," అంది. "మీ సున్నుండలు గుండ్రాయి లెక్క తప్ప పనికిరావు." మూడు డబ్బాల సకినాలు కారెక్కాయి.

ఆ మూడు డబ్బాలతో పాటే పచ్చళ్ళూ, పొడులూ, చిన్న కుక్కరూ, ఇడ్లీ స్టాండూ, రెండు బియ్యం బస్తాలూ ఎక్కాయి. డిక్కీ నిండింది. వాహనపూజకి ఆవిడ చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే, అమ్మాయి కారు చుట్టూ తిరిగి చూసి, "పార ఏది?" అంది.

"అన్నిటికన్నా కింద. ముందు దాన్నే పెట్టా, భద్రంగా ఉంటుందని," అన్నాను.

"సో నేను స్నోలో స్టక్ అయితే... ముందు రైస్ బ్యాగ్స్ తీసి, కుక్కర్ తీసి, ఇడ్లీ స్టాండ్ తీసి... దెన్ పార?"

మేమిద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. పెళ్ళికి వెళ్ళేటప్పుడు సర్దినట్టు సర్దాం కారుని. అన్నీ దించాం. పార డ్రైవర్ సీటు వెనక్కి వచ్చింది, ఎందుకంటే డిక్కీ తలుపు గడ్డకట్టి తెరుచుకోకపోవచ్చట. తాడూ, దుప్పట్లూ, టార్చీ, సాటిలైట్ మీద మెసేజ్ పంపే చిన్న పెట్టె, అన్నీ చెయ్యి చాపితే అందేలా పెట్టింది తనే. అడిగిందానికల్లా నేను "అంతే తల్లీ, నేనూ అదే చేశా" అంటున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం అమ్మాయి బయటికి వెళ్ళింది. కేంద్రం వాళ్ళు కొత్తగా చేరేవాళ్ళకి పంపిన చిన్న పుస్తకం డాష్‌బోర్డ్ మీద ఉంటే కాలక్షేపానికి తెరిచాను. చిక్కుకుపోతే కారు వదిలి వెళ్ళకు. తెలుసు. యాంటెనాకి ఎర్రగుడ్డ కట్టు. బాగుంది. ఆ తర్వాత: ఇంజన్ వేసేముందు ప్రతిసారీ దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసెయ్యి. గంటకి పది నిమిషాలు మించి నడపకు. ఒక అద్దం కొంచెం దించు. గొట్టం మంచులో పూడుకుపోతే పొగ కారు లోపలికే వస్తుంది. అందులోని విషవాయువుకి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

చదివాను. మళ్ళీ చదివాను. గరాజ్‌లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది గానీ నా వీపు మీద చెమట చల్లబడిపోయింది.

పుస్తకం కింద అమ్మాయి నోట్‌బుక్ ఉంది. తెరిచాను. పైన ఇంగ్లీషులో గుండ్రటి అక్షరాలతో 'నాన్న పద్ధతి' అని రాసి, కింద గీత గీసింది. నాలుగే వరసలు. కారు వదలకు. భయపడకు. తిండి దగ్గర పెట్టుకో. రాత్రంతా ఇంజన్, హీటర్ ఆన్, అద్దాలు బిగించి పడుకో, నాన్న రెండు రాత్రులు అలాగే ఉన్నాడు.

పద్దెనిమిదేళ్ళుగా గులాబ్‌జామ్ తింటూ నేను అంటున్న మాట అది.

తను తిరిగొచ్చేసరికి నేను గరాజ్‌లోనే ఉన్నాను. నిజం చెప్పేద్దాం అనే అనుకున్నాను. కానీ అలవాటు ఊరుకుంటుందా? నోరు తెరిస్తే ఇది వచ్చింది.

"అన్నట్టు తల్లీ, అప్పుడు ఒక సంగతి చెప్పడం మర్చిపోయా. ఆ రెండు రాత్రులూ ప్రతి గంటకీ దిగి, సైలెన్సర్ దగ్గర మంచు తీశా. చాలా ముఖ్యం అది."

"దిగావా? వుల్వ్స్ ఉన్నాయి కదా?"

"అవి... కొంచెం పక్కకి జరిగాయి."

"ఏడూ?"

"ఏడూ."

నా మొహంలోకి చూసింది. "నాన్నా."

ఇక దారి లేదు. నేను పెంచిన తోడేళ్ళని నేనే చంపుకోవలసి వచ్చింది. ఒక్కొక్కదాన్నే కాదు, ఏడింటినీ ఒకేసారి. "తోడేళ్ళు లేవమ్మా. ఒక్కటి కూడా లేదు. స్వెటర్ వేసుకున్న కుక్క ఉంది," అన్నాను. మోటెల్, నలభై నిమిషాలు, ముసలావిడ, కాఫీ కప్పు, అన్నీ చెప్పేశాను. ఆవకాయ సీసా కూడా లేదని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఐస్ పెట్టె మీద కూర్చుని చేతులు కట్టుకుంది.

"వుల్వ్స్ ఫేక్ అని నాకు మిడిల్ స్కూల్ నుంచి తెలుసు నాన్నా. అందరికీ తెలుసు. పిల్లలక్కూడా. దే జస్ట్ లైక్ ఇట్."

"మరి?"

"ఇంజన్ పార్ట్ నిజం అనుకున్నా." నోట్‌బుక్ అందుకుంది. "అది అంత బోరింగ్‌గా ఉంది కదా. హీటర్ గురించి ఎవరు అబద్ధం చెప్తారు?"

వంటింటి తలుపు దగ్గర మా ఆవిడ ఎప్పుడొచ్చి నిలబడిందో తెలీదు. చేతిలో పిండి గిన్నె. "నాకూ గట్లనే," అంది నెమ్మదిగా. "ఆ రోజు నువ్వు మోటెల్ల నుంచే ఫోన్ జేసినవ్, చాయ్ దొరుకుతలేదని అర్ధగంట ఏడ్చినవ్. తోడేళ్ళు ఎక్కడియి? కని కార్ల పన్నది మాత్రం నిజమే గావచ్చు, ఒక జాముసేపన్నా పన్నవేమో అనుకున్న." అక్కడితో ఆగి పిల్ల వైపు చూసింది. గిన్నె కింద పెట్టింది. "ఏందయ్యా నువ్వు. పిల్ల గట్లనే పండుకుంటె?"

కథ మీద నేను చల్లిన కొత్తిమీర అంతా వీళ్ళు ఏరి పక్కన పెట్టేశారు. అడుగున ఉన్నదే తిన్నారు. అడుగున ఉన్నది పాచిపోయింది.

అమ్మాయి ఆ పేజీ చింపింది. నాకు గుండెల మీద నుంచి బియ్యం బస్తా దించినట్టయింది. పద్దెనిమిదేళ్ళ బరువు కదా, దించాక నిలబడ్డానికి కూడా కాస్త తూలాను.

"ఓకే," అంది లేచి. "ఇప్పుడు చేసి చూపించు. నిజంగా."

అలా మా డ్రైవ్‌వేలో, ఎర్రటి ఎండలో, నేను కారు దిగి, పార తీసి, చుట్టూ నడిచి వెనక్కి వెళ్ళి, లేని మంచుని తోడాను. పన్నెండుసార్లు. తను ఫోన్‌లో టైం చూసింది. కళ్ళు మూసుకుని కూడా చేయించింది, తుఫానులో ఏమీ కనపడదని. ఎదురింటాయన కుక్కతో నడుస్తూ ఆగి, అంతా బాగానే ఉందా అని అడిగాడు. మంచు తీస్తున్నాం అని చెప్పాను. ఆయన తలూపి కొంచెం వేగంగా వెళ్ళిపోయాడు.

చక్రాలు పట్టు దొరక్క తిరుగుతుంటే కింద వేయడానికి ఏదైనా గరుకుగా ఉండాలి. మా ఆవిడ ఖాళీ బియ్యం సంచులు తెచ్చింది. మన ఇళ్ళల్లో వాటికి లోటేముంది? సోనామసూరివి ప్లాస్టిక్, బాస్మతివి గోనె. ఆవిడ గోనెవే వెయ్యమంది, నేను ప్లాస్టిక్‌వి గట్టివన్నాను. రెండూ పెట్టుకుని, రెండ్రోజులు వంతులేసుకుని నడుపుతూ, నేనూ అమ్మాయీ ఉత్తరానికి వెళ్ళాం. కేంద్రం ముందున్న మైదానంలో కావాలనే కారుని మంచులో దింపి చూశాం. ప్లాస్టిక్ సంచి చక్రం కిందనుంచి ఎగిరొచ్చి నా మోకాలికి తగిలింది. గోనె పట్టింది. కారు మెల్లగా బయటికొచ్చింది. నేను జీవితంలో నిజంగా మంచులోంచి కారు తీసింది అదే మొదలు. ఫోన్ చేసి చెప్తే మా ఆవిడ, "నేను చెప్పలే?" అని పెట్టేసింది.

నేను విమానంలో తిరిగొచ్చేశాను.

జనవరిలో ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలకి ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా ఫోన్ మోగింది. సాటిలైట్ పెట్టెనుంచి మెసేజ్. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. 'కాలవలోకి జారాను. దెబ్బల్లేవు. కేంద్రానికి చెప్పాను, దారిలో చెట్టు పడింది, వాళ్ళు రావడానికి సాయంత్రం అవుతుంది. గొట్టం క్లియర్.'

మీటింగ్‌లోంచి లేచి వచ్చేశాను. ఏ వంక చెప్పానో గుర్తులేదు. నాకు వంక గుర్తులేకపోవడం అదొక్కసారే. ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది, ముందు ఫోన్, పక్కన సకినాల డబ్బా. ఒక్కటీ తినలేదు.

పన్నెండుకి వచ్చింది. 'పది నిమిషాలు నడిపాను. గొట్టం క్లియర్.' ఒంటిగంటకి: 'గొట్టం క్లియర్. సకినాలు బాగున్నాయి.' మా ఆవిడ అప్పుడు ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. రెండింటికి: 'గాలి ఎక్కువైంది. గొట్టం సగం పూడింది, తీశాను.'

సగం పూడింది. ఆ మాట ఇద్దరం చదివాం, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

మూడింటికి రాలేదు.

మూడూ పదికి రాలేదు. నేను వాకిట్లోకి వెళ్ళి వచ్చాను. డ్రైవ్‌వేలో నేను లేని మంచు తోడిన చోట ఎండ పడుతోంది. మూడూ ఇరవైకి మా ఆవిడ, "ఇగ నువ్వు మంచి మాట ఏదన్న చెప్పు," అంది. "అబద్ధమైనా సరే."

నాకు ఒక్కటీ రాలేదు.

మూడూ ఇరవై ఆరుకి ఫోన్ మోగింది. 'సారీ, చేతులు ఖాళీ లేవు. చెట్టు తీసి మంచు తోసే బండి వచ్చేసింది. తాడు కట్టి లాగారు, గోనెసంచి వేశాను, బయటపడ్డా. కేంద్రంలో ఉన్నా. తోడేళ్ళు సున్నా.'

మా ఆవిడ డబ్బా నా వైపు తోసింది. ఇద్దరం కూర్చుని చీకటి పడేలోపు డబ్బా ఖాళీ చేశాం. అన్ని సకినాలు తిని బతికినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. దాని గురించి కూడా ఒక కథ ఉంది.

మార్చిలో అమ్మాయి వారం సెలవు మీద వచ్చింది. ఆ శనివారం పాట్‌లక్‌లో పిల్లలు మళ్ళీ పట్టుకున్నారు. "వుల్ఫ్ అంకుల్, వుల్ఫ్ స్టోరీ!"

నేను అమ్మాయి వైపు చూశాను. తను అటు వంటగదిలో ప్లేట్లు తీస్తోంది. వద్దనలేదు.

మొదలుపెట్టాను. ఈసారి తోడేళ్ళు పదకొండు. ప్రతి గంటకీ నేను పార పట్టుకుని దిగుతుంటే అవి రెండు వరసలుగా దారి ఇచ్చాయి. నేను సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీస్తుంటే పెద్ద తోడేలు నోటితో టార్చీ పట్టుకుంది. పది నిమిషాలు ఇంజన్ వేసి, ఆపేసి, మళ్ళీ గంట ఆగి, మళ్ళీ దిగాను.

"ఎవ్రీ అవరా అంకుల్?" అన్నాడొక పిల్లాడు విసుగ్గా. "ప్రతిసారీ క్లీన్ చెయ్యాలా?"

"ప్రతిసారీ. ఒక్కసారి బద్ధకించి పడుకోబోతే పెద్ద తోడేలు అద్దం మీద కొట్టి లేపింది."

"నాన్నా!" వంటగదిలోంచి అరిచింది మా అమ్మాయి. "విండో!"

"ఆఁ, అదే చెప్పబోతున్నా. అద్దం ఒక్క అంగుళం దించి పెట్టానర్రా. గాలి ఆడేంత. తోడేలు ముక్కు పట్టనంత."